మీటరు వెనక గీసిన అంకె

"పంతొమ్మిది కిలోమీటర్లు. ఎలా సరిపోతుందో నువ్వే చెప్పు," అంది చెకింగమ్మ.

ఊచల అవతల నేలమీద కూర్చున్న అల్లుడు తల ఎత్తలేదు. మంగళవారం సాయంత్రం నుంచి అందరూ అతన్ని అదే అడుగుతున్నారు. ఇవాళ గురువారం. గోడ గడియారంలో ఒంటిగంటా పావు. అరెస్టు నిన్న సాయంత్రమని రాసుకున్నారు, ఐదింటికి అతన్ని కోర్టుకి తీసుకెళ్తారు. మామగారిని, బండ్లకి మీటర్లు బిగించే మీటరు తాతని, చంపాడని కేసు. కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి.

చెకింగమ్మ ఇరవై ఆరేళ్లు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసింది. ఆ ఉద్యోగం మానేశాక జనం చెప్పే మాటల్ని తనిఖీ చేస్తోంది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంత దూరమో మాత్రం ఆమెకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

"మొదటి నుంచి చెప్పు. టైములు మర్చిపోకుండా."

"పొద్దున తొమ్మిదింటికి మామయ్య నా బండికి కొత్త మీటరు బిగించాడు. పాతది ముల్లు ఇరుక్కుపోయింది. కొత్తది కదా, సున్నా మీద ఉంది. అప్పుడే గొడవైంది."

"గొడవ దేనికి?"

అతను అరచేతులు చూసుకున్నాడు. "బండి అమ్మేద్దామనుకున్నా. కొనేవాడితో ఇంకా వెయ్యి కూడా తిరగలేదని చెప్తానన్నా. మీటరు అదే చూపిస్తుందిగా. మామయ్యకి ఒళ్లు మండింది. 'మీటరు కొత్తదిరా, బండి కొత్తది కాదు. నా చేత్తో అబద్ధం బిగించను' అని అరిచాడు. నేనూ అరిచా. వీధంతా విన్నారు."

"తరవాత?"

"తొమ్మిదీ నలభైకి బయల్దేరా. మీటరు పళ్ల చక్రాలు తెమ్మని పాత ఊరి హోల్‌సేల్ కొట్టుకి తనే పంపాడు. గొడవపడ్డా పని పనేగా ఆయనకి. తీరా వెళ్తే షట్టరు వేసి ఉంది. తెరుస్తారేమోనని ఒంటిగంట దాకా మెట్టు మీద కూర్చున్నా. తిరిగొచ్చేసరికి మూడూ ఇరవై. అప్పటికే మామయ్య..."

"దారిలో ఎక్కడైనా ఆగావా?"

"బంకు దగ్గర. రోడ్డు వదిలి లోపలికి వెళ్లాలి, రానూపోనూ రెండు కిలోమీటర్లు. బంకువాడికి నేను గుర్తులేనట."

పాత ఊరికి అరవై రెండు. రానూపోనూ నూట ఇరవై నాలుగు. బంకు కలిపితే నూట ఇరవై ఆరు. అదే నిజమైతే కొత్త మీటరులో నూట ఇరవై ఆరు ఉండాలి. పోలీసులు రాసిన పంచనామాలో పంతొమ్మిది ఉంది. మీటరు తాత రెండూ పదికి ఎదురింటి దర్జీతో మాట్లాడాడు. రెండూ యాభైకి కొట్టులో తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. పంతొమ్మిది కిలోమీటర్లు తిరిగినవాడు ఊరు దాటలేదని, చాటుగా వచ్చి ఉంటాడని ఇన్‌స్పెక్టరు వాదన.

"నాకే పిచ్చెక్కుతోందమ్మా," అన్నాడు అల్లుడు. "అసలు నేను వెళ్లానా లేదా అని రాత్రంతా ఆలోచించా. మెట్టు మీద ఎండ, పక్కన కుక్క, అన్నీ గుర్తున్నాయి. మరి ఆ పంతొమ్మిది ఏంటి?"

చెకింగమ్మ అతని మొహం చూసింది. టికెట్టు లేనివాడు అడగకముందే జేబులు తడుముకుంటాడు. ఇతను జేబులు తడుముకోవట్లేదు. పోగొట్టుకున్న టికెట్టు కొన్నానో లేదో తెలియనివాడిలా ఉన్నాడు.

బయటికి వస్తూ ఆవరణలో ఒక్క నిమిషం ఆగింది. అల్లుడి బండి ఎండలో గొలుసుతో కట్టేసి ఉంది. వరండా నీడలో ఇన్‌స్పెక్టరు బండి. రెండూ ఒకే కంపెనీవి. ఊళ్లో సగం బండ్లు అవే.

*

మీటరు తాత కొట్టులో ఇద్దరు నిలబడితే మూడోవాళ్లకి చోటుండదు. కూతురు షట్టరు సగమే ఎత్తింది. పూర్తిగా ఎత్తితే వీధి లోపలికి చూస్తుందని ఆమె భయం. ఇద్దరూ వంగి లోపలికి వెళ్లారు.

బల్ల కింద తాత చెప్పులు జతగా ఉన్నాయి. బల్ల మీద భోజనం డబ్బా మూత తీయలేదు. రెండు రోజులైనా దాన్ని ఇంటికి తీసుకెళ్లడానికి కూతురికి చేతులు రాలేదు. నేలమీద సబ్బు నీళ్లతో కడిగిన చోటు మిగతా నేలకన్నా తెల్లగా కనిపిస్తోంది.

"ఎక్కడ పడి ఉన్నారమ్మా?"

"ఇక్కడే పెద్దమ్మా. మొహం గోడవైపు." కూతురు వేలు చూపించింది గానీ అటు చూడలేదు.

చెకింగమ్మ గోడ చూసింది. వరసగా మేకులు. ప్రతి మేకుకీ దారంతో కట్టిన పాత మీటరు. గుండ్రటి మొహాలు, వంకర ముళ్లు, అంకెల మీద దుమ్ము. ప్రతి దారానికీ చిన్న రేకు ముక్క, దాని మీద తేదీ, వారం.

"ఇవన్నీ దేనికి?"

"నాన్న పాత మీటరు పారేసేవాడు కాదు. ఎవరైనా సెకండ్ హ్యాండ్ బండి కొని, ఇది నిజంగా ఎంత తిరిగింది తాతా అని వస్తే చూపించడానికి. అమ్మినవాళ్లు వచ్చి తిట్టేవాళ్లు. మా బేరం చెడగొట్టావు ముసలాడా అని." ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "మేకు మీదది పోయినా నష్టం లేదనేవాడు. కొత్త మీటరు వెనక కూడా గీసేవాడుగా."

"ఏం గీసేవాడు?"

"వారం, పాత మీటరులో అంకె. వెనకాల రబ్బరు గిన్నె ఉంటుంది చూడండి, అది ఊడదీస్తే రేకు కనిపిస్తుంది. దాని మీద సూదితో గీసి మళ్లీ రబ్బరు తొడిగేసేవాడు. నాకూ మా ఆయనకీ తప్ప ఎవరికీ తెలీదు. ఆయనకీ గుర్తుందో లేదో."

చెకింగమ్మ చివరి వరస దగ్గరికి వెళ్లి రేకు ముక్కలు ఒక్కొక్కటే తిప్పి చదివింది. శుక్రవారం. శనివారం. ఒక ఖాళీ మేకు. మంగళవారం. మంగళవారం మీటరు అల్లుడిదే, ముల్లు నలభై మీద ఇరుక్కుపోయి ఉంది. అంకె చూసింది. యాభై రెండు వేల ఎనిమిది వందల అరవై.

"ఆదివారం కొట్టు తీస్తారా?"

"తీయడు."

"అయితే ఈ ఖాళీ మేకు సోమవారానిది."

మేకుకి అంగుళం దారం వేలాడుతోంది. ముడి ముడిలాగే ఉంది. దారం తెగింది.

"మీ నాన్న దారం తెంపేవాడా?"

"అబ్బే. ముడి విప్పి, దారం మళ్లీ ఉండ చుట్టేవాడు. పావుగంటైనా సరే." కూతురు దగ్గరికి వచ్చి చూసింది. ఆమె గొంతు తగ్గింది. "ఇది నాన్న తీయలేదు."

"సోమవారం ఎవరి బండి వచ్చింది?"

"తెలీదు. నేను సాయంత్రం వచ్చేసరికి ఒక్కడే కూర్చున్నాడు. లైటు కూడా వేసుకోలేదు. ఏంటి నాన్నా అంటే, స్టేషనుకి వెళ్దామనుకుంటున్నా అన్నాడు. కాసేపాగి, వెళ్లి మాత్రం ఎవరికి చెప్పాలి అన్నాడు. అమ్మ గుర్తొచ్చి అలా అంటున్నాడేమో అనుకున్నా."

తాత భార్య చనిపోయి మూడు నెలలైంది. వంతెన మలుపులో మోటారు సైకిలు గుద్దింది. గుద్దినవాడు ఆగలేదు. బండి ఆచూకీ దొరకలేదని కేసు మూసేశారు.

"ఆ కేసు చూసింది ఎవరు?"

"ఈ ఇన్‌స్పెక్టరు గారే."

"నాన్న జేబులో ఉన్న వస్తువులు తిరిగిచ్చారా?"

"ఇచ్చారు. దువ్వెన, కళ్లజోడు, తాళాలు, జేబురుమాలు." కూతురు ఆగింది. వేళ్లు ముడుచుకుంది. "అగ్గిపెట్టె లేదు."

"తాత బీడీ కాల్చడుగా?"

"కాల్చడు. అందులో దూదిలో చుట్టిన గాజు ముక్క ఉండేది. అమ్మ పడిన చోట దొరికింది. పోలీసులకి చూపిస్తే సీసా ముక్క అని విసిరేశారట. నాన్న మళ్లీ ఏరుకొచ్చాడు. 'సీసా కాదు, మీటరు అద్దం, అంచు చూస్తే తెలీదా' అనేవాడు. మూడు నెలలు జేబులోనే. అద్దం పగిలిన మీటరు ఎవరు తెచ్చినా ముందు ఆ ముక్క పెట్టి చూసేవాడు."

మాట పూర్తయ్యేసరికి ఆమెకే అర్థమైంది. బల్ల అంచు పట్టుకుంది.

"సరిపోయింది," అంది చెకింగమ్మ మెల్లగా. "సోమవారం ఎవరి మీటరుకో ఆ ముక్క సరిపోయింది."

కూతురు ఏడవలేదు. భోజనం డబ్బా తీసి గుండెకి ఆనించుకుని నిలబడింది. "ఎవరు పెద్దమ్మా?"

"బండి మీద కొత్త మీటరుంది. దాని వెనక సోమవారం అని గీసి ఉంది. ఊళ్లో ఉన్న బండ్లన్నీ విప్పలేం. ముందు మీ ఆయన బండి చూద్దాం. ఆ పంతొమ్మిది నాకు మింగుడుపడట్లేదు." బల్ల మీది పెట్టెలోంచి పది నంబరు స్పానరు తీసుకుంది. పిడి మీద తాత వేళ్ల గుర్తులు అరిగి మెరుస్తున్నాయి.

*

మూడూ ముప్పావు. ఇన్‌స్పెక్టరు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి లేవలేదు.

"రండి చెకింగమ్మగారూ. ఏ స్టేజీలో ఎక్కారు?"

"అల్లుడి బండి కేబులు చూడాలి."

"చూసి ఏం చేస్తారు? వాడు అటు పోలేదని మీటరే చెప్తోంది. మీటరుకి బంధువుల్లేరు, అబద్ధం చెప్పాల్సిన అవసరమూ లేదు."

"కేబులు తెగితే చక్రం తిరుగుతుంది, అంకె తిరగదు. రేపు వాళ్ల లాయరు కోర్టులో విప్పించి చూపిస్తే మీ కేసు అక్కడే తెగుతుంది. ఇప్పుడే చూసి బాగుందని రాసుకుంటే మీకే మంచిది."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "ఇరవై ఆరేళ్లు టికెట్లు చించినావిడ నాకు కేసు నేర్పిస్తోంది."

"నేర్పించట్లేదు. మీరు ఎందుకు వద్దంటున్నారో అడుగుతున్నా. మీ రైటరుగారూ వింటున్నారు."

తలుపు దగ్గర కాగితాలు పట్టుకుని నిలబడ్డ రైటరు ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. ఇన్‌స్పెక్టరు నవ్వు కాస్త తగ్గింది.

"వద్దని ఎవరన్నారు? చూసుకోండి. పది నిమిషాలు. రైటరూ, పక్కనుండి ఏం చూస్తే అది రాయి. తరవాత మేం మీటరు మార్చామని కూడా అంటారు వీళ్లు."

చెకింగమ్మ ఆ చివరి మాట మనసులో ఒక పక్కన పెట్టుకుంది. ఆ మాట ఇంకా ఎవరూ అనలేదు. ఆయనే ముందుగా జేబు తడుముకున్నాడు.

ఎండలో నిలబడి హెడ్‌లైటు పైనున్న మీటరు చూసింది. పంతొమ్మిది. కింద కేబులు నట్టు చేత్తో తిప్పితే వదులైంది. కేబులు లాగి ముందు చక్రం తిప్పింది. లోపలి తీగ చక్కగా తిరిగింది.

"కేబులు బాగుంది. రాయండి," అంది.

రైటరు రాశాడు. వరండాలోంచి ఇన్‌స్పెక్టరు కేక వేశాడు. "అయిపోయిందా? కాఫీ ఏమైనా తాగి వెళ్తారా?"

"ఇంకో నిమిషం. లోపలి పళ్ల చక్రం అరిగిందేమో చూస్తా."

పది నంబరు స్పానరుతో వెనకాల రెండు నట్లు విప్పింది. మీటరు ఆమె అరచేతిలోకి వచ్చింది. అరచెయ్యంత బరువు కూడా లేదు. ఇన్‌స్పెక్టరుకి వీపు అడ్డుపెట్టి, రబ్బరు గిన్నె అంచు గోటితో పైకి లేపింది. రబ్బరు జారింది.

రేకు మీద గీతలున్నాయి. ముసలి చేతి వంకర అక్షరాలు. అక్కడ మంగళవారం ఉండాలి. యాభై రెండు వేల ఎనిమిది వందల అరవై ఉండాలి.

సోమవారం. ముప్పై ఎనిమిది వేల నాలుగు వందల పదిహేడు.

చెకింగమ్మ ఇంకోసారి చదివింది. తాత మంగళవారం పొద్దున అల్లుడికి బిగించిన మీటరు ఇది కాదు. సోమవారం ఇంకొకడికి బిగించింది. వాడి బండి మీదది ఇక్కడికి వచ్చింది. మంగళవారం నాలుగింటికి బండి ఈ ఆవరణలోకి వచ్చాక, పంచనామా రాసేలోపు.

"రైటరుగారూ. ఇక్కడ ఏం గీసుందో అక్షరం పొల్లుపోకుండా రాయండి. పైకి చదవద్దు."

రైటరు చూశాడు. ఏమీ అర్థంకాకపోయినా రాశాడు. "ఏంటి మేడమ్ ఇది?"

"మెకానిక్కులు రాసుకునే గుర్తు. కింద సంతకం పెట్టండి. నేనూ పెడతా. ఒక కాపీ నాకివ్వండి."

కార్బను కాగితం కింది కాపీ మడిచి జాకెట్టులో పెట్టుకుంది. రబ్బరు తొడిగి, నట్లు బిగించి, చేతులు తుడుచుకుంది. గేటు వైపు నడిచింది. తొందరపడకుండా, బస్సు దిగి వెళ్లేవాళ్లలా.

దారి వరండా పక్కనుంచే. ఇన్‌స్పెక్టరు ఫోను వచ్చి లోపలికి వెళ్లాడు. ఆయన బండి నీడలో స్టాండు వేసి ఉంది. చెకింగమ్మ నడక ఆపకుండా తల మాత్రం తిప్పింది. తరవాత నడక ఆగిపోయింది.

కొత్త మీటరు. నూట నలభై నాలుగు.

నూట ఇరవై ఆరు పోతే పద్దెనిమిది. పోలీసు క్వార్టర్ల స్టేజీ నుంచి స్టేషను స్టేజీకి నాలుగున్నర కిలోమీటర్లు. ఆ రూటులో ఎన్ని వందలసార్లు తిరిగిందో ఆమెకే తెలీదు. మంగళవారం సాయంత్రం ఇంటికి నాలుగున్నర. బుధవారం రానూపోనూ తొమ్మిది. ఇవాళ పొద్దున నాలుగున్నర. మొత్తం పద్దెనిమిది.

అల్లుడు పాత ఊరికి వెళ్లి వచ్చాడు. ఆ దారంతా ఈ మీటరులో ఉంది. ఇన్‌స్పెక్టరు దాన్ని తన బండికి తగిలించుకుని రెండు రోజులుగా తిరుగుతున్నాడు. ఇంకో మీటరు మార్చుకోవడానికి ఊళ్లో ఉన్నది ఒక్క కొట్టే. ఆ కొట్టు ముసలాయన్ని తనే చంపుకున్నాడు.

గాజు ముక్క సరిపోయిన మీటరు ఈయనదే. వెళ్లి మాత్రం ఎవరికి చెప్పాలి, అన్నాడట తాత.

"ఏం లెక్కపెడుతున్నారు?"

ఇన్‌స్పెక్టరు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ఎడమ చేతిలో రైటరు రాసిన కాగితం. కుడి చేతిలో పది నంబరు స్పానరు.

"ఇది బండి మీద మర్చిపోయారు, రైటరు తెచ్చిచ్చాడు," అన్నాడు.

చెకింగమ్మ స్పానరు వైపు చూసింది. ఇరవై ఆరేళ్లలో టికెట్లకి చిల్లు పెట్టే పంచ్ కూడా ఎక్కడా మర్చిపోలేదు, ఇవాళే మొదటిసారి.

"సోమవారం అంటే ఏంటో రైటరుకి తెలీదట. నాకు తెలుసు." గొంతు మామూలుగానే ఉంది. మెట్లు దిగి ఆమెకీ బండికీ మధ్య నిలబడ్డాడు. "ముసలాడు ఇలాంటివి గీస్తాడని ఇప్పుడే తెలిసింది. అయితే దీని వెనక కూడా ఉంటుందన్నమాట. చూద్దాం. గేటు వెయ్!"

కాపలా కానిస్టేబులు గేటు మూశాడు. గొలుసు చప్పుడైంది. ఇన్‌స్పెక్టరు బండి ముందు వంగాడు. రెండు నట్లు విప్పి, ఆకురాయితో నాలుగు గీతలు గీస్తే చాలు. మంగళవారం ఉండదు. నూట నలభై నాలుగూ ఉండదు. ఐదింటికి అల్లుడు వ్యానెక్కుతాడు. జాకెట్టులోని కాగితం ఆమె బయటికి వెళ్తేనే పనికొస్తుంది.

మొదటి నట్టు కదిలింది.

గేటు అవతల బెంచీల మీద పదిమంది దాకా కూర్చున్నారు, తమ తమ గొడవలతో వచ్చినవాళ్లు. వాళ్ల చివర కూతురు, ఒళ్లో భోజనం డబ్బా. చెకింగమ్మ ఊపిరి నిండా పీల్చుకుంది. కిక్కిరిసిన బస్సులో వెనక సీటు దాకా వినిపించేలా అరిచి ఏళ్లయింది.

"అందరూ ఇటు చూడండి! ఈ ఇన్‌స్పెక్టరుగారి బండి మీటరు నూట నలభై నాలుగు! దాని వెనక మంగళవారం, యాభై రెండు వేల ఎనిమిది వందల అరవై అని గీసి ఉంది! ఇది లాకప్‌లో ఉన్నవాడి మీటరు! ఆయన దాన్ని చెరిపేస్తున్నాడు, మీ కళ్లతో చూడండి!"

బెంచీలు కదిలాయి. గేటు ఊచల మధ్య మొహాలు వచ్చాయి. రైటరు తలుపులోంచి బయటికి వచ్చి, చేతిలో కార్బను కాగితంతో నిలబడిపోయాడు. ఇన్‌స్పెక్టరు వంగినవాడు వంగినట్టే తల తిప్పాడు. నట్టు మీద స్పానరు ఆగింది.

"సార్," అన్నాడు రైటరు నెమ్మదిగా, "ఆ చెయ్యి తీయండి సార్. నేను చూసి రాయాలి."

ఇన్‌స్పెక్టరు లేచాడు. స్పానరు వదల్లేదు. ఒక అడుగు చెకింగమ్మ వైపు వేశాడు. కాపలా కానిస్టేబులు గేటు గొలుసుకి తాళం వేయాలో గొలుసు తీయాలో తెలియక తాళం పట్టుకుని ఉండిపోయాడు.

కూతురు జనాన్ని తోసుకుని ముందుకొచ్చి ఊచలు పట్టుకుంది. డబ్బా జారి కింద పడింది. ఆమె ఇన్‌స్పెక్టరు మొహం చూడలేదు. అందరూ చూస్తున్న మీటరునీ చూడలేదు.

వంతెన మలుపులో అమ్మని గుద్దిన ఆ బండి ముందు చక్రాన్ని చూస్తోంది.